శీనూకి, ఆర్కిడ్ పిలకల సంగతి

ఒరేయ్ శీనూ,

నీ డెండ్రోబియం ఆర్కిడ్ ఫొటోలు చూశాను. పాత కాడ పైకణుపు దగ్గర ఆకులేసుకుని నిలబడింది పూమొగ్గ కాదురా, పిలక. ఆర్కిడ్లు పెంచేవాళ్లు కేకి అంటారు. ఈ ఆదివారమే కోసి కుండీలో పెట్టేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. ఆకులు నాలుగున్నాయి, కళగానే ఉన్నాయి. వేర్లే ఇంకా అంగుళం రాలేదు. కొయ్యాలా వద్దా అన్నది ఎప్పుడూ వేర్లని చూసే తేల్చుకోవాలి. కనీసం మూడు వేర్లు, ఒక్కోటి రెండు మూడు అంగుళాలు వచ్చేదాకా తల్లి మీదే ఉండనీ. ఇంతలోపే వేరుచేస్తే అవి తాగే నీళ్లు ఆకులకి చాలవు, ఆకులు ముడతలుపడి పిలక వడలిపోతుంది. అలాగని ఏడెనిమిది అంగుళాలు సాగేదాకా వదిలేసినా తంటానే. గాల్లో పెరిగిన వేరు బిరుసుగా ఉంటుంది, చిన్న కుండీలోకి వంచబోతే పుటుక్కున విరుగుతుంది.

వేరుని దగ్గరగా చూడు. ఒళ్లంతా తెల్లగా ఉండి, కొసన పావంగుళం మాత్రం ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటే అది పెరుగుతోందన్నమాట. కుండీలోకి మార్చడానికి అదే అదను. కొస కూడా తెల్లబడి మూసుకుపోతే ఎదుగుదల ఆగింది. అప్పుడు రోజూ పొద్దున వేర్ల మీద నీళ్లు స్ప్రే చెయ్యి. హైదరాబాదు పొడిగాలికి అదీ చాలకపోతే తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పట్టి ఉంచే ఎండు నాచు) గుప్పెడు తీసుకుని వేర్ల చుట్టూ వదులుగా దారంతో కట్టు. పిలక మొదలు, మొవ్వు మాత్రం కప్పకుండా గాలి తగలనీ.

అసలు పూలు రావలసిన చోట పిలకలెందుకొచ్చాయో కూడా చూసుకోవాలి. నత్రజని ఎక్కువున్న ఎరువు, చాలని వెలుతురు, ఈ రెండూ కలిస్తే కణుపు పువ్వు మానేసి పిలక వేస్తుంది. మూడోది ప్రమాదకరమైనది: కుండీలో తల్లి వేర్లు కుళ్లిపోవడం. ఒక వేరు పట్టి నొక్కు. గట్టిగా ఉంటే పరవాలేదు. బూడిదరంగులో మెత్తగా ఉండి పైతొక్క ఊడొస్తే తల్లి ఇబ్బందుల్లో ఉంది, ముందు దానికి కుండీలో కొత్త మిశ్రమం వేసి బతికించు.

కోసేటప్పుడు బ్లేడుని మంట మీద కాల్చి చల్లార్చు. ఒక మొక్క కోశాక ఇంకో మొక్క మీద పెట్టేముందు మళ్లీ కాల్చాల్సిందే. సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్ రెండూ కత్తికి అంటిన రసంతోనే పాకుతాయి, సోకిన మొక్కకి మందు లేదు. పాత కాడ ఎండిపోయి ఉంటే పిలకకి పైన ఒక అంగుళం, కింద ఒక అంగుళం వదిలి కాడతో సహా కొయ్యి. ఆకులు రాలినా కాడ ఇంకా లావుగా పచ్చగా ఉంటే దాన్ని ముక్కలు చెయ్యకు, తల్లి తిండి దాచుకునేది అందులోనే. పిలక మొదలు కాడకి అతుక్కున్న చోట మాత్రమే కోసి తీసుకో. కోసిన చోట దాల్చినచెక్క పొడి కాస్త అద్దు. వేర్లకి తగలనివ్వకు, తగిలితే అవి ఎండిపోతాయి.

తర్వాత వేర్లని ఇరవై నిమిషాలు నీళ్లలో నానబెట్టు. తెల్లగా ఉన్నవి ఆకుపచ్చగా మారి, వంచితే వంగుతాయి. కుండీ మూడంగుళాలది చాలు, పక్కలకి కూడా కన్నాలుండాలి. పెద్ద కుండీలో తడి ఆరక వేర్లు కుళ్లుతాయి. మిశ్రమానికి కట్టెబొగ్గు రెండు వంతులు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక వంతు, అన్నీ అరంగుళం సైజులో. డొక్క ముక్కల్ని ముందురోజే నానబెట్టి రెండుమూడు సార్లు నీళ్లు మార్చు, వాటిలో ఉప్పుంటుంది. అడుగున ఇటుక ముక్కలు పరుచు. మట్టి మాత్రం చిటికెడు కూడా వద్దు.

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే: నిలబడట్లేదని పిలకని లోతుగా పాతేస్తారు, వారం తిరక్కుండా మొదలు నల్లబడుతుంది. వేర్లే లోపలికి పోవాలి, మొదలు మిశ్రమం మీద ఆని ఉండాలంతే. నిలబెట్టడానికి వెదురుపుల్ల గుచ్చి మెత్తని దారంతో కట్టు. గాలికి ఊగిందంటే కొత్త వేర్ల కొసలు బొగ్గుకి రాసుకుని చచ్చిపోతాయి, అందుకే ఈ కట్టు ఊరికే చెప్పట్లేదు.

రెండుమూడు రోజులు కుండీలో నీళ్లు పొయ్యకు, గాయాలు ఆరనీ. పొద్దున ఆకుల మీద కాస్త చల్లితే సరిపోతుంది. తర్వాత బొగ్గు ఆరినప్పుడల్లా కింద కారేలా పొయ్యి. మీ బోరు నీళ్లు గట్టివైతే, అంటే సున్నం ఎక్కువుంటే, వేర్ల మీద తెల్లటి పొర కడుతుంది, వాననీళ్లు పట్టుకుంటే మంచిది. డెబ్భై అయిదు శాతం షేడ్ నెట్ కింద ఉంచు. కొత్త వేరు కొస కనిపించాకే ఎరువు: 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీళ్లకి అర గ్రాము, వారానికోసారి. రాత్రిపూట టార్చి వేసి నత్తలు కూడా చూడు, లేత కొసలంటే వాటికి ప్రాణం. ఈ పనికి జూన్, జూలై మంచివి. ఏప్రిల్, మే ఎండల్లో పెట్టుకోవద్దు.

అక్కావాళ్ల ఫెలనాప్సిస్ (ఇంకో రకం ఆర్కిడ్) గురించి అడిగావు కదా. పూలకాడ మీద వచ్చిన పిలకకైతే ఇవే కొలతలు, కాకపోతే బొగ్గుకి బదులు మాస్ వాడి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కప్పులో పెట్టమను. మొవ్వులో నీళ్లు నిలవకూడదు. పూతకి రెండు మూడేళ్లు పడుతుందని కూడా చెప్పు. మొదట్లో, అంటే తల్లి ఆకుల సందులోంచి వచ్చిన పిలకైతే అసలు తియ్యొద్దను. దానికి సొంత వేర్లు ఆలస్యంగా వస్తాయి, బలవంతంగా తీస్తే తల్లికీ పిల్లకీ గాయమే. పైగా తల్లి మొవ్వు కుళ్లి ఉంటే ఆ కుండీలో ఇక మిగిలేది ఆ పిలకే.

ఉంటాను,
రఘు