కుక్కల చుక్కల మందు పిల్లికి అమ్మొద్దు

సంపాదకుడు గారికి,

వానలు పడి గాలిలో చెమ్మ పెరిగేసరికి బెజవాడలో పిల్లులున్న ఇళ్లలో ఫ్లీ పురుగుల (బొచ్చులో దూరి రక్తం పీల్చే చిన్న పురుగులు) బెడద మొదలవుతుంది. చాలామంది డాక్టరుకు చూపించకుండా నేరుగా పెట్ షాపుకు వెళ్తారు. కొన్నిచోట్ల కుక్కల చర్మం మీద వేసే చుక్కల మందు చేతిలో పెట్టి, 'పిల్లి చిన్నది కదా, సగం వేయండి' అని పంపిస్తున్నారు. ఈ సలహా పిల్లి ప్రాణం తీయగలదు.

కుక్కల చుక్కల మందులు కొన్నిటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు 45 నుంచి 65 శాతం ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. అందుకే కొద్ది చుక్కలకే చెవులు అదరడం, చొంగ, వణుకు, ఆపైన ఫిట్స్ వస్తాయి. ఇవి కొన్ని గంటల్లోనే కనిపించవచ్చు, 3 రోజుల దాకా ఆలస్యం కూడా కావచ్చు. పొరపాటున వేస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మందు పడ్డచోట కడిగి, తుడిచి, తువాలులో చుట్టి, మందు పెట్టెతో సహా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. వణుకు, ఫిట్స్ అప్పటికే మొదలైతే కడగడానికి ఆగొద్దు, ముందు ఆస్పత్రికే తీసుకెళ్లండి. వేడినీళ్లు పోస్తే మందు చర్మంలోకి మరింత ఇంకుతుంది, చన్నీళ్లతో ఒళ్లు చల్లబడి వణుకు ముదురుతుంది.

ఫ్లీ పురుగులకు పిల్లికి ఫిప్రోనిల్ గానీ సెలామెక్టిన్ గానీ అనే మందు వాడొచ్చు. పెట్టె మీద పిల్లులకని రాసి ఉండాలి, బరువు సరిపోవాలి. పిల్లుల ఫిప్రోనిల్ పైపెట్‌లో (మందు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం) ఉండేది 0.5 మిల్లీలీటరే. నాకడానికి అందని చోట, పుర్రె కింద మెడ మీద వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పిండాలి. వెంట్రుకల మీద పడితే వృథా. ఫిప్రోనిల్‌కు ముందు 2 రోజులు, తర్వాత 2 రోజులు స్నానం చేయించకూడదు. 8 వారాలు నిండని కూనకు పళ్లు బాగా దగ్గరగా ఉండే ఫ్లీ దువ్వెనే మేలు. దువ్వెనలో చిక్కినవాటిని సబ్బునీళ్లలో ముంచి చంపాలి.

'మందు పనిచేయలేదు' అనే మాటకు కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. గుడ్లు పిల్లి ఒంటి మీది నుంచి రాలి పరుపుల్లో, సోఫా సందుల్లో పడతాయి. వాటి నుంచి వచ్చి, తన చుట్టూ గూడు అల్లుకున్న పురుగు నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి ఇంట్లోని పిల్లులన్నిటికీ, కుక్కలకూ ఒకేరోజు, దేని మందు దానికే వేసి, కనీసం 3 నెలలు నెలనెలా కొనసాగించాలి. పడుకునే గుడ్డలను 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. కుక్కకు పర్మెత్రిన్ వేస్తే 3 రోజులు పిల్లిని దాని దగ్గరికి పోనీయకూడదు. ఫ్లీ పురుగును మింగిన పిల్లికి బద్దెపురుగులు కూడా పడతాయి, తోక కింద బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. దానికి వేరే మందు కావాలి.

ఔషధ నియంత్రణ శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి నగరంలోని పెట్ షాపులను తనిఖీ చేయాలి. పైపెట్లు పెట్టె విప్పి విడిగా అమ్మడం ఆపించాలి. పర్మెత్రిన్ ఉన్న ప్రతి పెట్టె మీదా 'పిల్లులకు వాడరాదు' అని తెలుగులో, ఎర్రని పెద్ద అక్షరాలతో ఉండేలా చూడాలి. అంతవరకు షాపువాళ్లే ఆ మాటలు కాగితం మీద రాసి కౌంటరు దగ్గర అంటించాలని కోరుతున్నాను.

— ఒక పశువైద్యురాలు, విజయవాడ