బెంగళూరు క్యాలెండర్ కూడా చూడండి

సంపాదకుల వారికి,

సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, మీ సినిమా పేజీ నిండా విడుదల తేదీల పంచాయితీయే. ఎవరు వెనక్కి తగ్గారు, ఎవరికెన్ని థియేటర్లు దొరికాయి, నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత. మా బెంగళూరు ఊసు చివర్న 'కర్ణాటక, ఇతర ప్రాంతాలు' అన్న ఒక్క వరసలో కలిసిపోతుంది. ఇక్కడ సినిమా ఆఫీసులుండే గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున రెప్రజెంటేటివ్‌గా చేసి రిటైరయినవాణ్ణి. కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురం థియేటర్లకు సినిమా రీళ్ల బాక్సు వెంట వెళ్లి, సెకండ్ షో మొదలయ్యాక ఆ రోజు వసూళ్ల లెక్క (డీసీఆర్) రాయించుకుని వచ్చినవాణ్ణి. ఆ ఒక్క వరస గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సంక్రాంతి ఆంధ్రాలో పనిచేసినట్టు ఇక్కడ పనిచేయదు. అక్కడ బడులకు వరస సెలవులు, ఊరికి జనం వస్తారు. ఇక్కడి బడులకు పండగ రోజే సెలవు, పెద్ద సెలవులన్నీ దసరాకి. మొదటిరోజు మొదటి ఆటకి టికెట్టు కొనే ఉద్యోగాల కుర్రాళ్లేమో పండగ ముందు శుక్రవారం రాత్రికే మడివాళలోనో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో బ్యాగులతో బస్సు కోసం నిలబడి ఉంటారు. 2025లో 'గేమ్ ఛేంజర్' సరిగ్గా అలాంటి శుక్రవారమే, జనవరి 10న వచ్చింది. 'డాకు మహారాజ్' ఆదివారం, 'సంక్రాంతికి వస్తున్నాం' 14న మంగళవారం. చివర వచ్చిన సినిమాకే పండగ బాగా కలిసొచ్చింది. ఊరెళ్లినవాళ్లు ఇంటిల్లిపాదితో అక్కడ చూశారు, తిరిగొచ్చి ఇక్కడి ఆఫీసుల్లో చెప్పారు. ఉన్న ఊళ్లోనే ఉండిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఆ శనాదివారాలు కదిలారు. పైగా రమణ గోగుల చాలా ఏళ్ల తర్వాత గొంతు విప్పిన 'గోదారి గట్టు' పాట నెల ముందే జనం నోళ్లలో పడింది. హోర్డింగులకు పోసే డబ్బు కంటే ఆ పాటే ఎక్కువ పని చేసిందని నా లెక్క. సినిమా బాగాలేకపోతే ఏ పాటా నిలబెట్టదనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ తేదీ పెట్టాలంటే కన్నడ సినిమా చూడాలి, కావేరి చూడాలి, సర్కారు ఉత్తర్వులూ చూడాలి. 2016 సెప్టెంబరు 1న 'జనతా గ్యారేజ్' వచ్చింది. రెండో శుక్రవారం, 9న, కావేరి నీళ్ల మీద కర్ణాటక బంద్. 12న నగరంలో బస్సులు తగలబెట్టారు, కర్ఫ్యూ పెట్టారు. రెండో వారంలో అలాంటి దెబ్బ తగులుతుందని ఏ హైదరాబాద్ ఆఫీసూ కనిపెట్టలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ముందే తెలిసిన సంగతుల మాటేమిటి? కన్నడ సినిమా 'కాంతార చాప్టర్ 1' 2025 అక్టోబరు 2న వస్తుందని ఎన్నో నెలల ముందే ప్రకటించారు. 'ఓజీ' సెప్టెంబరు 25న దిగింది. ఇక్కడ దాని చేతిలో ఉన్నది ఒక్క వారం. ఆ తర్వాత స్క్రీన్లు ఎటు పోతాయో గాంధీనగర్‌లో టీకొట్టు కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. దానికితోడు టికెట్టు 200 రూపాయలు దాటకూడదని కర్ణాటక ప్రభుత్వం సెప్టెంబరు 12న ఉత్తర్వు ఇచ్చింది, 23న హైకోర్టు స్టే ఇచ్చింది. సినిమాకి రెండు రోజుల ముందు దాకా రేటే తేలకపోతే, ముందే మినిమం గ్యారంటీ (ఎంజీ) కట్టి సినిమా కొన్న బయ్యరుకు నిద్రెలా పడుతుంది?

2024 డిసెంబరులో 'పుష్ప 2'కి తెల్లవారుజాము షోలు వేస్తామని బుకింగ్ తెరిచారు. నిబంధనలకు విరుద్ధమని ఇక్కడి జిల్లా యంత్రాంగం వాటిని ఆపేసింది. ఆ నిబంధనలేమీ కొత్తవి కావు, టికెట్లు అమ్మేముందు ఎవరైనా ఒకసారి చూసుంటే సరిపోయేది.

పద్ధతిగా చేసినవాళ్లూ ఉన్నారు. 'ఆర్ఆర్ఆర్' తేదీ మారి మారి 2022 మార్చి 25కి వచ్చి ఆగింది. దానికి వారం ముందు, 17న, కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పుట్టినరోజున ఆయన 'జేమ్స్' విడుదలైంది. ఆయన పోయి అయిదు నెలలైనా కాలేదు, కన్నడిగుల మనసు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అలాంటి సమయంలో 19న చిక్కబళ్లాపురంలో ప్రీ రిలీజ్ వేడుక పెట్టి పునీత్ అన్న శివరాజ్‌కుమార్‌ను, అప్పటి ముఖ్యమంత్రి బొమ్మైని వేదిక మీదికి పిలిచారు. చిక్కబళ్లాపురం సంతలో బేరమంతా సగం తెలుగులోనే సాగుతుంది. ఆ చోటు ఎంచినవాడెవరో గానీ ఏరియా తెలిసిన మనిషి.

చిన్న సినిమాలకు అంత ఖర్చు ఎక్కడిదంటారు. 2025లో 'కోర్ట్' మార్చి 14న వచ్చింది. పరీక్షల నెల, పెద్దవాళ్లెవరూ ఆశపడని తేదీ. ఈ సినిమా నచ్చకపోతే తన 'హిట్ 3' చూడొద్దని నిర్మాత నాని వేదిక మీదే అన్నారు. విడుదలకు ముందే ప్రీమియర్లు వేసి టాక్ తెచ్చుకున్నారు. పెద్ద పోటీ లేని వారం, నమ్మకంగా చెప్పిన ఒక్క మాట, దానికి తగ్గ సినిమా. పెద్ద హీరోల సినిమాలకేమో ఇక్కడి మాల్‌లో రెండు స్టెప్పులు వేయించి విమానం ఎక్కిస్తారు. బుకింగ్ మాత్రం చాలాసార్లు విడుదలకు ముందురోజు దాకా తెరుచుకోదు. పిల్లలతో వెళ్లే కుటుంబం ఆదివారం ప్రోగ్రాం గురువారం రాత్రి వేసుకోదు సార్. అప్పటికే వాళ్లు వేరే ఏర్పాట్లు చేసుకుని ఉంటారు.

నిర్మాతలకు నా మాట చేరుతుందో లేదో గానీ మీకు చేరుతుంది కాబట్టి మిమ్మల్నే ఒకటి అడుగుతున్నా. వెనకటి రోజుల్లో పేపరు ప్రకటనలో సినిమా పేరు కింద థియేటర్ల జాబితా, ఆటల వేళలు ఉండేవి. నాలాంటివాళ్లకు ఫోన్‌లో వెతకడం చేతకాదు. మీ బెంగళూరు ఎడిషన్‌లో ప్రతి శుక్రవారం, నగరంలో ఏ తెలుగు సినిమా ఏ థియేటర్లో ఎన్ని ఆటలో ఒక చిన్న పట్టీ వేయండి. కోలారు, చిక్కబళ్లాపురం కూడా కలిపితే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సినిమా రెప్రజెంటేటివ్,
మారతహళ్లి, బెంగళూరు