ఉద్యోగం అప్పుడే మానెయ్యకు, ముందు ఆకాశం వెయ్యి

శీనూ,

నీ ఉత్తరం, దాంతోపాటు బొమ్మల ఫోటోలు అందాయి. ఇక జీవితమంతా ల్యాండ్‌స్కేపులే వేస్తానని రాశావు, చదివి ఎగిరి గంతేశాను. ఆ కిందే వచ్చే నెల ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నావు చూడు, అక్కడ మాత్రం కాస్త ఆగరా.

ముందు బొమ్మల సంగతి. చెరువు బొమ్మ నాకు చాలా నచ్చింది. గట్టు నీడ నీళ్లలోకి దిగిన చోట అంచు మెత్తగా వదిలేశావు, అది అందరికీ చేతకాదు. వెనకాల కొండ మాత్రం దగ్గరి చెట్టంత ముదురుగా ఉంది. అందుకే అది దూరంగా ఉన్నట్టు అనిపించక మీదికి వచ్చేస్తోంది. మధ్యలో అంత గాలి ఉంది కదా, దూరం పెరిగేకొద్దీ నీడలు లేతబడి నీలంలోకి తిరుగుతాయి, వెలుగుకీ నీడకీ తేడా తగ్గిపోతుంది. అక్కడ నలుపు కలిపినట్టున్నావు. ఈసారి అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), తెలుపు కలిపి చూడు. వేసే ముందు కళ్లు సగం మూసి చూస్తే రంగుల హడావిడి తగ్గి వెలుగునీడలు తేటగా తెలుస్తాయి. టోన్, అంటే ఆ వెలుగునీడల పాళ్లు, కుదిరితే రంగు కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది.

ట్యూబులో పచ్చ నేరుగా వాడకు. పసుపూ నీలమూ నువ్వే కలుపుకో, మరీ పచ్చిగా కొడితే కాస్త ఎరుపు తగిలించు.

ఫోటోలు చూసి వెయ్యడం తగ్గించు. ఫోటోలో ఆకాశం సరిగా వస్తే నీడలు నల్లబడతాయి, నీడలు వస్తే ఆకాశం తెల్లబోతుంది. చిన్న అట్ట ముక్క పట్టుకుని బయటికి వెళ్లు. జాన్ కాన్‌స్టేబుల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1821, 1822లలో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఒట్టి మేఘాలే వేస్తూ కూర్చున్నాడు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకున్నాడు. ఆకాశం నిలబడి పోజివ్వదు కాబట్టి చెయ్యి త్వరపడక తప్పదు, ఏది వదిలెయ్యాలో అక్కడే తెలుస్తుంది. నాకు తెలిసి ఇంతకు మించిన బడి లేదు.

ఉద్యోగం విషయంలో కూడా ఆయన్నే చూడు. ఈరోజు అందరికీ తెలిసిన ఆ ఎండుగడ్డి బండి బొమ్మ 1821లో లండన్‌లో పెడితే కొనేవాళ్లు లేరు. 1824లో పారిస్‌లో దానికే బంగారు పతకం వచ్చింది. లండన్‌లో పేరున్న చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీలో పూర్తి సభ్యత్వం దొరికేసరికి 52 ఏళ్లు. ఈలోగా ఇల్లు గడవడానికి మనుషుల పోర్ట్రెయిట్లు వేశాడు. నెలాఖరు టెన్షన్‌తో ఆకాశం వైపు చూస్తే ఏం కనిపిస్తుంది చెప్పు? జీతం వస్తున్నన్నాళ్లూ నీకు నచ్చిందే వెయ్యొచ్చు.

గ్యాలరీలకి ఇప్పుడే పరిగెత్తకు. ఒక బాగున్న బొమ్మ చూసి వాళ్లు నమ్మరు, ఒకే చోటు మీద నీ చూపు నిలిచిన వరస కావాలి. 1891లో ఫ్రెంచి చిత్రకారుడు మోనే పారిస్‌లో ఒకే గదిలో 15 గడ్డివాముల బొమ్మలు పెట్టాడు. వామి అదే, మారింది వేళా వెలుగూ. అలాంటి వరస తయారయ్యాక వెళ్లు. వెళ్లినప్పుడు కమిషన్ ఎంతో, అమ్ముడుపోని బొమ్మ ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకో. మొహమాటపడకు. ధర బొమ్మ సైజును బట్టి పెట్టు, ఇంటి దగ్గర అమ్మినా గ్యాలరీలో అమ్మినా అదే ధర ఉండాలి. ఎవరైనా ఫలానా దృశ్యం వేసిమ్మంటే అడ్వాన్స్ తీసుకున్నాకే కుంచె పట్టు.

రాజీనామా కాగితం ఇచ్చేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి. నెలకి ఎంత ఖర్చవుతుందో, చేతిలో ఎంత ఉందో లెక్క వేసి ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
రవి