తీతువు గుడ్ల దగ్గర కెమెరా వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరే ఈ రోజుల్లోనే తీతువులు గుడ్లు పెడతాయి. ఇంటి వెనక చిట్టడవిలో కెమెరాతో తిరిగేవారికి ఒక మనవి. తీతువు గూడు అల్లదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో, ఆ రాళ్ల రంగులోనే మచ్చల గుడ్లు సాధారణంగా నాలుగు పెడుతుంది. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. మనం దగ్గర నిలబడితే తల్లి మన నెత్తిమీద అరుస్తూ తిరుగుతుంటుంది, కింద గుడ్లు ఎండకు మాడిపోతాయి. ఆ అరుపు వినగానే వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఫొటో కోసం ఇతర పక్షుల గూటి ముందు ఆకులు తుంచడం మరీ ఘోరం: నీడ పోతుంది, కాకికి దారి దొరుకుతుంది. గూళ్లనూ గుడ్లనూ చెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది.

గూళ్ల బదులు తూనీగల్ని తీయొచ్చు; తొందరపడకపోతే ఫొటోకు హాయిగా దొరుకుతాయి. లేచిపోయిన తూనీగ తరచూ అదే పుల్ల మీదకి తిరిగొస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కదలకుండా ఉంటే చాలు. తెల్లవారుజామున రెక్కల మీద మంచు ఉండగా ఇంకా సులువు. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 నుంచి 11, గాలి ఉంటే షట్టర్ వేగం కనీసం సెకనులో 1/500 వంతు. లెన్సు పరుచుకున్న రెక్కలకు సరిగ్గా ఎదురుగా, లంబంగా ఉండాలి, లేదంటే ఒక రెక్క మసకబారుతుంది. ఫ్లాష్‌కు పల్చటి తెల్ల కాగితం అడ్డు పెట్టాలి. కదలకుండా ఉంటాయని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు దయచేసి మానండి.

పాఠకుల ఫొటోలు వేసేటప్పుడు గూళ్ల ఫొటోలను మీరూ పక్కన పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు