తప్పు మనిషిని మా పూర్వీకుడిగా చూపిన నివేదికపై ఫిర్యాదు

అనంతపురం

వంశ పరిశోధన సేవల విభాగం మేనేజరు గారికి,

విషయం: మద్రాసు సైన్యంలో పనిచేసి నేటాల్‌కు వలస వెళ్లిన మా పూర్వీకుడి గురించి మీరిచ్చిన నివేదికను రద్దు చేసి, మళ్లీ పరిశోధన జరిపించడం లేదా రుసుము వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మా తాతగారి తాత మద్రాసు సైన్యంలో సిపాయిగా పనిచేసి, విరమణ పొందిన కొంతకాలానికి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లి అక్కడే స్థిరపడిపోయారు. మా ఇంట్లో ఆయనను నేటికీ పటాలం తాత అనే పిలుచుకుంటాం. ఆయన ఏ ఓడ ఎక్కారో, ఏ చెరకు తోటకు చేరారో, అక్కడ ఆయన సంతతి ఎవరైనా ఉన్నారో వెతికి పెట్టమని మీ సంస్థకు రూ. 18,500 ముందుగానే చెల్లించాను. మీరు పంపిన నివేదికలోని మనిషి మా పూర్వీకుడు కాడు, అయ్యే అవకాశం కూడా లేదు.

అనంతపురం జిల్లా పేరుతో వెతికితే ఎవరూ దొరకనందువల్ల, పేరు కలిసిన నెల్లూరు జిల్లా మనిషిని తీసుకున్నామని మీ నివేదికే చెబుతోంది. మా స్వగ్రామం గుత్తి ప్రాంతంలోనిదని దరఖాస్తులో స్పష్టంగా రాశాను. అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. అంతకుముందు గుత్తి తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది కాబట్టి, ఆయన వెళ్లిన కాలపు ఓడ జాబితాలలో బళ్లారి జిల్లా కిందనే వెతకాలి. రాయలసీమ వారి వంశాలు వెతికే పని చేపట్టిన సంస్థకు ఇది తెలిసి ఉండాల్సిన సంగతి. కదిరి వైపు వారు 1910 దాకా కడప జిల్లా వారే కనుక, ఇదే పొరపాటు వారి విషయంలోనూ జరగవచ్చు.

ఇక సంవత్సరం సంగతి. మీరు చూపిన మనిషి 1870లో నేటాల్ చేరినట్టు రాశారు. చెరకు తోటల పనికి ఒప్పందం మీద వెళ్లిన కూలీలతో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మాట నిజమే గానీ, 1866లో ఆగిపోయిన ఆ కూలీల వలస 1874లో గాని మళ్లీ మొదలుకాలేదు. మధ్యలో 1870లో వలస కూలీల ఓడ ఎక్కడి నుంచి వచ్చింది? పైగా మా పెద్దలు తరతరాలుగా చెబుతున్నది ఆయన ధాత కరువు తర్వాత ఇల్లు విడిచారని. 1876-78 మధ్య బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టిన కరువు అది. ఈ మాట కూడా దరఖాస్తులో ఉంది.

నన్ను ఎక్కువగా బాధించిన విషయం వేరే ఉంది. పటాలం తాత డిశ్చార్జి కాగితాన్ని మా ఇంట్లో రేకు గొట్టంలో పెట్టి కాపాడుకుంటూ వచ్చాం. మడతల దగ్గర చిరిగిపోతే మా తాతగారు వెనకవైపు పలుచని గుడ్డ అతికించారు. అందులో ఆయన తండ్రి పేరు, ఊరి పేరు, ఎడమ కనుబొమ మీద కత్తిగాటు మచ్చ ఉన్న విషయం నేటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. దాని ఫోటోలు మీకు పంపాను. నేటాల్ ఓడ జాబితాలలో ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు (ఒక్కో వలస కూలీకి విడిగా ఇచ్చిన గుర్తింపు సంఖ్య), తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసేవారు కాబట్టి, ఆ కాగితాన్ని జాబితాతో సరిచూడడం కంటే నమ్మకమైన దారి ఇంకొకటి లేదు. మీరు చూపిన మనిషి తండ్రి పేరు వేరు, ఊరు వేరు, మచ్చ కుడి మోచేతి మీద. కలోనియల్ నంబరు నివేదికలో ఎక్కడా లేదు. ఫోన్‌లో అడిగితే మీ ఉద్యోగి "పేరు కలిసింది కదా సార్" అన్నారు. సాధారణంగా ఇంటిపేరు లేకుండా రాసిన ఆ జాబితాలలో వెంకటప్పలు, నరసప్పలు ఎందరుంటారో ఆయన ఆలోచించలేదు.

మహాలయ పక్షంలో నువ్వులూ నీళ్లూ వదిలేటప్పుడు మేము నేటికీ ఆయన పేరు చెప్పుకుంటాం. తొంభై ఏళ్లు దాటిన మా మేనత్త, మీ నివేదికలో ఇచ్చిన డర్బన్ కుటుంబాన్ని తన రక్తసంబంధీకులే అనుకుని, వారితో మాట్లాడించమని ఎంతో ఆశగా అడిగారు. వారు మనవారు కారని ఆమెకు చెప్పడం ఎంత కష్టమైందో మాటల్లో రాయలేను. ఆ కుటుంబాన్నీ మా కుటుంబాన్నీ కలిపి మీరు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షం ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసి ఇతరులు ఎత్తి రాసుకుంటే ఈ తప్పు ఇక చెరగదు.

కాబట్టి ఆ వంశవృక్షాన్ని వెంటనే తొలగించండి. డర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ కేంద్రంలో ఓడ జాబితాలు ఉన్నాయి. వాటిలో 1874 తర్వాత మద్రాసు నుంచి వెళ్లిన ఓడలను బళ్లారి జిల్లా, గుత్తి తాలూకా కింద వెతికించి, తండ్రి పేరు, మచ్చ సరిచూసి, కలోనియల్ నంబరుతో సహా ఫలితం రాసి పంపండి. ఎవరూ దొరకకపోతే దొరకలేదనే రాయండి, అది మాకు సమ్మతమే. ఈ పని మీ వల్ల కాదంటే రుసుము మొత్తం తిరిగి ఇవ్వండి.

ఈ లేఖ అందిన ముప్పై రోజులలో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. డిశ్చార్జి కాగితం ఫోటోలు, రసీదు, మీ నివేదిక ప్రతి దీనికి జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ ఖాతాదారు