తిరిగొచ్చిన సిపాయిల పేర్లేవీ?

సంపాదకులకు నమస్కారం.

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) చేరి బర్మా వెళ్లొచ్చారు. ఆయన సర్వీసు గురించి వెతుకుతుంటే నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఒకటుంది. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు దొరుకుతున్నాయి, బతికొచ్చినవాళ్లవి దొరకడం లేదు.

యుద్ధమృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వాళ్ల పేర్లు ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. వెబ్‌సైట్‌లో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. స్పెల్లింగులు మాత్రం అప్పటివి, అందుకని ఊరి పేరును నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. కానీ ఆ యుద్ధంలో మన సైన్యం 25 లక్షలు. చనిపోయినవాళ్లు సుమారు 87,000. మిగతావాళ్ల జాబితా నాకెక్కడా కనబడలేదు. వాళ్ల రికార్డంతా ఇళ్లల్లో, ట్రంకుపెట్టెల అడుగునే ఉంది.

మా ఇంట్లో మిగిలినవి ఆరు కోణాల బర్మా స్టార్ పతకం, ఒక డిశ్చార్జి సర్టిఫికెట్. మడత దగ్గర కాగితం చిరిగి, సర్వీసు నంబరులో చివరి రెండంకెలు పోయాయి. ఒక కార్యాలయానికి రాస్తే, పూర్తి నంబరు లేనిదే ఏమీ చెప్పలేమన్నారు. చివరికి నాయనమ్మ దాచుకున్న మనియార్డరు కూపన్ మీద నంబరూ, ఆయన పనిచేసిన కంపెనీ (సైనిక దళం) పేరూ దొరికాయి. వంకాయరంగు సిరా, తాతయ్య చేతిరాత! కంపెనీ పేరు తెలిస్తే సగం పని అయినట్టే. బర్మాలో పోరాడిన చాలా యూనిట్ల యుద్ధ డైరీలు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సిపాయిల పేర్లు వాటిలో అరుదే గానీ, యూనిట్ ఏ రోజు ఎక్కడుందో, ఏ పనిలో ఉందో రాసి ఉంటుంది.

ఆ కూపన్ పాత కాగితాలవాడికి వెళ్లిపోయి ఉంటే నా వెతుకులాట అక్కడితో ఆగిపోయేది. ఇల్లు మారేటప్పుడు, పంపకాలప్పుడు ఇలాంటివి ఎన్ని పోతున్నాయో! దయచేసి పెట్టె ఖాళీ చేసేముందు ప్రతి కాగితానికీ రెండువైపులా ఫోటో తీయండి. ఆనాటి మాటలు గుర్తున్న పెద్దవాళ్లుంటే ఇప్పుడే అడిగి రాసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఈ కాగితాల నకళ్లు తీసుకుని, ఊరివారీగా ఒక రిజిస్టరు పెట్టాలి. మీ పత్రిక జిల్లా పేజీలో వారానికొక సిపాయి వివరాలు వేస్తే, మొదట మా తాతయ్యవి పంపిస్తాను.

ఇట్లు,
ఒక సాపర్ మనవరాలు