షీట్‌లో లేని గడి

అమ్మడూ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశా, అల్లుడుగారు వేసిన రంగులు కూడా బాగున్నాయి. అద్దె, స్కూలు, ట్రాఫిక్, గాలి, నీళ్లు అన్నిటికీ మార్కులేసి కూడితే ఆ మీడియం సిటీ గెలిచింది, ఇంక వెళ్లిపోవచ్చా నాన్నా అని అడిగావు. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను అసలు చెప్పాల్సింది మర్చిపోతా, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకో.

వెళ్లొద్దని చెప్పట్లేదు, అది ముందే చెప్తున్నా, లేకపోతే మీ అమ్మ నా మీద పడుతుంది. ఆ షీట్‌లో లేని ఒక్క గడి గురించే నా గోలంతా. ఇప్పుడొచ్చిన ఆఫర్ గురించి బోలెడు రాశావు, ఆ ఉద్యోగం పోతే, లేదా నీకే విసుగొచ్చి మానేస్తే, రెండో ఉద్యోగం అదే ఊళ్లో ఎవరిస్తారు? నీకూ, అల్లుడుగారికీ, ఇద్దరికీ?

పెద్ద సిటీలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న మనసుకే రాదు. ఒక కంపెనీలో బాస్‌తో పడకపోతే ఇంకో కంపెనీకి మారతావు, ఇల్లు మారక్కర్లేదు, పిల్లాడి స్కూలు మారక్కర్లేదు. పెద్ద సిటీ అద్దె అంత మండిపోవడానికి ఇదీ ఒక కారణమే, ఆ డబ్బులో కొంత గోడలకీ కొంత ఈ వెసులుబాటుకీ కడుతున్నావు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఎకనామిస్టు 1890లోనే రాశాడు, పనిమంతులేమో యజమానులు ఎక్కువున్న చోటికి పోతారు, యజమానులేమో పనిమంతులు దొరికే చోటే ఫ్యాక్టరీలు పెడతారు, అందుకే ఒక్కో పని ఒక్కో చోట పేరుకుంటుంది అని. విడిగా దూరంగా ఫ్యాక్టరీ పెట్టుకున్నవాడికి ప్రత్యేకమైన పని తెలిసినవాళ్లు దొరక్క తిప్పలు తప్పవని కూడా అన్నాడు, ఇది గుర్తుపెట్టుకో, నీకు పనికొస్తుంది. ఆ ఊళ్లో నీకు ఇంకో కంపెనీ దొరకడం ఎంత కష్టమో వాళ్లకి నీలాంటి మనిషి దొరకడమూ అంతే కష్టం. కాబట్టి వాళ్లు చెప్పిన జీతానికి వెంటనే తలూపకు, సామాను తరలించే ఖర్చు, మొదట్లో ఉండటానికి ఇల్లు, వాళ్లంతట వాళ్లు తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తారు, ఇవన్నీ ఇప్పుడే అడుగు. చేరాక అడిగితే నవ్వుతారు.

ఇద్దరూ ఉద్యోగం చేసేవాళ్లకి ఈ లెక్క ఇంకా టైటు. అమెరికాలో డోరా కోస్టా, మాథ్యూ కాన్ అని ఇద్దరు 1940 నుంచి 1990 వరకు లెక్కలు తీసి 2000లో ఒక పేపర్ వేశారు, ఇద్దరూ డిగ్రీ చదివిన జంటలు రాను రాను పెద్ద సిటీల్లోనే ఎక్కువగా చేరుతున్నారట, ఇద్దరికీ ఒకే చోట తగిన ఉద్యోగం దొరకాలంటే పెద్ద ఊరే గతి కావడం అందులో పెద్ద కారణం అని వాళ్లు తేల్చారు. (రిటైరయ్యాక నాకు ఇంతకంటే పనేముంది, చదువుకుంటూ కూర్చుంటున్నా.) నీ షీట్‌లో అల్లుడుగారి ఉద్యోగం గడిలో "రిమోట్, ఓకే" అని ఒక్క మాట ఉంది చూడు, నాకు నిద్ర పట్టనిది అక్కడే. 2020లో ఇంట్లోంచే చేసుకోండి అన్న కంపెనీలు ఎన్నో తర్వాత ఆఫీసుకి రండి అని పిలిచాయి. ఊరు మారితే జీతం కూడా ఆ ఊరి రేటుకి మారుస్తాం అని ఫేస్‌బుక్ వాళ్లు 2020 మే నెలలోనే చెప్పేశారు. ఆయన మేనేజర్ నోటిమాట మీద లారీ మాట్లాడకండి, మేనేజర్ రేపు తనే మారిపోతాడు. హెచ్ఆర్ నుంచి మెయిల్ రావాలి, ఊరి పేరుతో సహా, జీతం మారుతుందా లేదా అన్న మాటతో సహా. వెనక్కి పిలిస్తే ఎన్నాళ్లు టైమిస్తారో కూడా అందులో ఉంటే ఇంకా మంచిది.

జనాభా చూసి ఊరిని అంచనా వెయ్యకు. ఓఈసీడీ అని, ఎక్కువగా డబ్బున్న దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ, వాళ్ల లెక్కలో 2 లక్షల నుంచి 5 లక్షల జనం ఉన్న పట్టణ ప్రాంతం మధ్యరకం, కొన్ని దేశాల్లో అది పెద్ద ఊరే, కొన్ని దేశాల్లో చిన్న టౌన్ కింద లెక్క. జనం ఎందరైతే నీకేంటి, నీ పని తెలిసినవాళ్లకి జీతాలిచ్చే సంస్థలు ఎన్నున్నాయో పేర్లతో రాసుకో. జాబ్ సైట్లలో ఆ ఊరి పేరు పెట్టి కొన్ని వారాలు వరసగా చూడు, ఒకే కంపెనీ పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ఊరు మొత్తం ఆ కంపెనీ మీద నిలబడిందని అర్థం.

అలాంటి ఊళ్లో వెళ్లీ వెళ్లగానే ఇల్లు కొనడం నాకు అస్సలు ఇష్టం లేదు, ఇక్కడ మాత్రం గట్టిగానే చెప్తున్నా. "ఇక్కడి ఫ్లాట్ అమ్మేస్తే అక్కడ విడి ఇల్లు వస్తుంది, లోన్ కూడా ఉండదు" అని రాశావు, లెక్క కరెక్టే, కానీ ఆ ఒక్క పెద్ద కంపెనీ దుకాణం సర్దేస్తే నీ ఒక్కదాని జీతమే కాదు, ఊళ్లో చాలామంది జీతాలు ఒకేసారి ఆగిపోతాయి, అందరూ ఇల్లు అమ్మకానికి పెడతారు, కొనేవాడు ఉండడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే. పైగా నువ్వు వదిలేసిన పెద్ద సిటీలో రేట్లు నీ కోసం ఆగి ఉండవు కదా, తిరిగి రావాలంటే అదే సైజు ఫ్లాట్ అందకుండా పోవచ్చు. ఫ్లాట్ అద్దెకివ్వు, నువ్వు అక్కడ అద్దెకుండు. అద్దె లోన్ వాయిదాకి చాలకపోతే ఆ తేడా ఎంతో చూసుకో, తిరిగొచ్చే దారి తెరిచి ఉంచడానికి కడుతున్న డబ్బు అనుకో.

స్కూలు సంగతి నువ్వే నాకంటే బాగా చూశావు, దాని జోలికి పోను. ఏడాది మధ్యలో మాత్రం మార్చకండి. ఆస్పత్రి దగ్గర ఒక్క మాట, బిల్డింగ్ చూసి మార్కులేశావు గానీ ఒక్కో జబ్బుకి ఎందరు డాక్టర్లున్నారో కనుక్కో, ఒక్కరే ఉంటే ఆయన సెలవు పెట్టిన రోజు మీరు ఇంకో ఊరికి పరిగెత్తాలి. ఎయిర్‌పోర్టు ఉంది అని టిక్ పెట్టావు, అక్కడికి ఎన్ని కంపెనీల విమానాలొస్తాయో చూశావా?

ఇంక ఆ ఊరి చెరువు ఫోటోలు పంపావు కదా. బాగున్నాయి, నాకూ వెళ్లాలనిపించింది. కానీ 1998లో షేడ్, కానెమన్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక పని చేశారు, ఎండ కాసే కాలిఫోర్నియాలో స్టూడెంట్లని, చలి ఎక్కువుండే మిడ్‌వెస్ట్‌లో స్టూడెంట్లని మీ జీవితం ఎంత తృప్తిగా ఉంది అని అడిగితే రెండు చోట్లా దాదాపు ఒకటే వచ్చింది. కాలిఫోర్నియా వాళ్లు ఎక్కువ సంతోషంగా ఉంటారు కదా అంటే మాత్రం రెండు చోట్లవాళ్లూ అవును అన్నారు. ఊరు మారదాం అనుకునేటప్పుడు తేడాగా ఉన్నదే కళ్లకి కనిపిస్తుంది, అక్కడికెళ్లాక రోజంతా గడిచేది మాత్రం ఆఫీసు, వంట, హోంవర్కు, నిద్రలోనే. ప్రయాణం ఒక్కటి వేరే. రోజూ చాలాసేపు ప్రయాణం చేసేవాళ్లకి తృప్తి తక్కువని జర్మనీ లెక్కలతో స్టుట్‌జర్, ఫ్రే అనేవాళ్లు 2008లో చూపించారు, జీతమో ఇల్లో దాన్ని పూర్తిగా పూడ్చట్లేదట. అందుకని నీ షీట్‌లో చెరువుకి వేసిన మార్కులు సగం తగ్గించి ఆఫీసు దూరానికి కలుపు, అప్పుడు కూడా ఆ ఊరే గెలుస్తుందేమో, గెలవనీ.

ఒకసారి వెళ్లి ఉండి రండి, సెలవుల్లో కాదు, పని రోజుల్లో. అల్లుడుగారు అక్కడి నెట్‌తోనే ఆఫీసు పని చేసి చూడాలి, నువ్వు పొద్దున్న ఆఫీసు టైముకి బయల్దేరి చూడాలి.

చివర్లో "అమ్మానాన్నలకి దగ్గర" అని పెట్టి పదికి పది వేశావు. చూసి మీ అమ్మ కళ్లు తుడుచుకుంది, నాకూ సంతోషమే, కాదంటే అబద్ధం. ఆ లైన్ తీసేసి మళ్లీ కూడు. మేం ఎలాగూ వస్తాం, ఎక్కడున్నా వస్తాం, వద్దన్నా వస్తాం. అది తీసేసినా ఊరు గెలిస్తే ధైర్యంగా వెళ్లండి, దాంతోనే గెలుస్తోందంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

ఆదివారం ఫోన్ చెయ్యి, అల్లుడుగారిని కూడా లైన్లో ఉండమను, ఆయన ఉద్యోగం గురించి ఆయన లేకుండా మనిద్దరం తేల్చేస్తే ఏం బాగుంటుంది. హెచ్ఆర్ వాళ్లకి మెయిల్ మాత్రం ఈలోపే పెట్టమను.

మీ నాన్న